బొమ్మ చదవడం: రాజా దీన్ దయాళ్ చూపించిన హైదరాబాదు



ఈవేళ ఫోటోల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఫోటో అంటే ఇప్పుడు ఎవరికీ వింత కాదు. చేతిలో ఉన్న ఫోనే కెమేరా. పొద్దున్నే వాకిట్లో వేసిన ముగ్గు దగ్గర్నుంచి రాత్రి పిల్లాడు నిద్రపోయే తీరు దాకా అన్నీ తీసేస్తున్నాం. పదిమందికి పంపిస్తే పదిమందీ "బాగుంది" అంటారు. అంతటితో ఆ ఫోటో పని అయిపోతుంది. ఏం చూసి బాగుందన్నారో అడగండి, ఒక్కరూ చెప్పలేరు.

ఆ చెప్పడం నేర్చుకోవడానికి మన హైదరాబాదు పాతబస్తీని మించిన బడి లేదని నా నమ్మకం. ఎంచేతంటే, నూట ముప్ఫై, నూట నలభై ఏళ్ళ కిందట ఈ వీథుల్లో పెద్ద కెమేరా మోయించుకుని తిరిగిన ఒకాయన తీసిన బొమ్మలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ బొమ్మల్లోని చార్మినారూ, చౌమహల్లా ప్యాలెస్ కూడా మన కళ్ళముందే ఉన్నాయి. బొమ్మను చేత్తో పట్టుకుని అసలుదాని ఎదుట నుంచుని రెండింటినీ పోల్చి చూసుకోవచ్చు. ఇలాంటి అవకాశం ఎన్ని ఊళ్ళవాళ్ళకి ఉంటుంది చెప్పండి!

ఆయనే రాజా దీన్ దయాళ్. పుట్టింది 1844లో, ఉత్తరాదిన మీరట్ దగ్గర సర్ధనాలో. జైన కుటుంబం. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కాలేజీలో చదువుకుని, 1866లో ఇందూరులో ప్రభుత్వ మరామత్తు శాఖలో ఉద్యోగానికి చేరారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డ్రాఫ్ట్స్‌మన్ పని. కట్టబోయే భవనానికి కొలతలు వేసి, గీతలు గీసి, ఖర్చు లెక్క కట్టడం. కెమేరా ముట్టుకున్నది 1874లో, ముప్ఫయ్యో ఏట. చిన్నప్పుడే నేర్చుకోలేకపోయామే అని నిట్టూర్చేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అప్పటికి మన దేశంలో ఫోటో నేర్పే బడులు ఒకటీ అరా తప్ప లేవు. 1839లో పారిస్‌లో డగేర్ తన పద్ధతిని లోకానికి ప్రకటిస్తే, ఏడాది తిరక్కుండా కెమేరాలు ఓడెక్కి మన రేవులకి వచ్చేశాయి. 1854లో బొంబాయిలోనూ, 1856లో కలకత్తా, మద్రాసుల్లోనూ ఫోటోగ్రఫీ సంఘాలు వెలిశాయి. సభ్యులు తాము తీసిన బొమ్మలు పట్టుకొచ్చి అందరి ముందూ పెట్టేవారు. తక్కినవాళ్ళు వాటిని చూసి తమకి తోచింది చెప్పేవారు. గురువు దగ్గర కూచుని చదివే చదువు ఒక రకం. పక్కవాడి బొమ్మ చూసి మాట్లాడి, తన బొమ్మ గురించి పక్కవాడు చెప్పింది విని నేర్చుకునేది ఇంకో రకం. సంగీతం విని విని చెవి తయారైనట్టే, బొమ్మలు చూసి చూసి కన్ను తయారవుతుంది.

దీన్ దయాళ్ కన్ను అప్పటికే కొంత తయారై ఉంది. గీతలు గీసిన చెయ్యి కదూ! కట్టడంలో ఏది నిటారుగా ఉండాలో, ఏ స్తంభానికి ఏ స్తంభం జోడీయో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇందూరులో మహారాజూ, ఇంగ్లీషు అధికారులూ ఆదరించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే పెద్ద అధికారితో కలిసి మధ్య భారతమంతా తిరిగి గుళ్ళూ, కోటలూ ఫోటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి. ఆ దశాబ్దంలోనే మన వైపు వచ్చి సికిందరాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు కూడా నిజాము ఇచ్చిందే. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఫోటో తీసేవాణ్ణి చిత్రకారుడని పిలవడంలోనే ఆ రాజుకి ఈ విద్య మీద ఎంత గౌరవమో తెలుస్తోంది. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. ఆ మరుసటేడు విక్టోరియా రాణి దగ్గర్నుంచి కూడా గుర్తింపు పత్రం అందుకున్నారు.

ఇప్పుడు ఆయన కెమేరా సంగతి చెప్తాను. అది ముక్కాలిపీట మీద నిలబెట్టే పెద్ద చెక్కపెట్టె. వెనక గరుకు అద్దం ఉంటుంది. తీసేవారు నల్లగుడ్డ తలమీద కప్పుకుని ఆ అద్దంలోకి చూడాలి. అందులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, కుడి ఎడమలు కూడా తారుమారే. చార్మినారు మినారులు కిందికి, మనుషుల కాళ్ళు పైకి! ఆ తలకిందుల బొమ్మలోనే ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి. ఆ పైన గాజుపలక పెట్టి తియ్యాలి. 1870లలో వాడిన తడిపలకల పద్ధతి అయితే మరీ యాతన. మందు పూసిన పలక ఆరిపోకముందే ఫోటో తీసి, కడిగి, అంతా ముగించాలి. 1880లలో ముందే సిద్ధంగా దొరికే పొడిపలకలు వాడుకలోకి వచ్చాక కొంత తెరిపి కలిగింది. అయినా గాజు గాజే. బరువు, ఖరీదు, పగిలిపోతుందన్న భయం. మనలాగా ఇరవై తీసి పందొమ్మిది చెరిపేసే వీలు లేదు. పైగా పలక ఎంత సైజో కాగితం మీద బొమ్మా సాధారణంగా అంతే సైజు. తర్వాత కత్తిరించి సర్దుకుందాంలే అనుకోవడానికి లేదు. అంచేత మీట నొక్కేలోపలే ఆలోచనంతా పూర్తి కావాలి.

ఈ తలకిందుల వ్యవహారంలో మనకో పాఠం ఉంది. మీ ఇంట్లో ఏ ఫోటో అయినా తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూడండి. ఇది మావయ్య, ఇది కుర్చీ అనే గుర్తింపు కాస్త వెనక్కి పోతుంది. నలుపెక్కడ, తెలుపెక్కడ, బరువంతా ఏ మూల చేరింది, ఏ మూల బోసిగా ఉంది అన్నది ఒక్కసారిగా కంటికి కనపడుతుంది. దీన్ దయాళ్ గారు ప్రతి ఫోటోకీ ముందు చేసిన పని ఇదే.

ఇక మన ఊళ్ళోకి వద్దాం. చార్మినారు 1591 నాటిది. దీన్ దయాళ్ గారి కాలానికే మూడువందల ఏళ్ళది. ఆయన దాన్ని ముందున్న వీథితో సహా తీశారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఉత్త కట్టడం మాత్రమే కావాలంటే దగ్గరికి వెళ్ళి తియ్యొచ్చు. కానీ అప్పుడు అది నాలుగు మినారుల రాతి బొమ్మ అవుతుంది. వెనక్కి జరిగితే వీథి వస్తుంది, వీథితో దుకాణాలు, మనుషులు వస్తారు. ఆ మనుషుల పక్కన చార్మినారు ఎంత ఎత్తో మనకి అప్పుడు తెలుస్తుంది. వీథి రెండు అంచులూ దూరం పోయేకొద్దీ దగ్గరై, మన కంటిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టు చార్మినారు దగ్గరికి చేరుస్తాయి. ఫోటో తీసేవాడు పది అడుగులు వెనక్కి వేస్తే బొమ్మ అర్థమే మారిపోతుందన్నమాట.

ఈసారి గాజులకో, ముత్యాలకో అటు వెళ్ళినప్పుడు మీరే పరీక్ష చేసి చూడండి. గుల్జార్ హౌజు దగ్గర నుంచుని దక్షిణంగా చూస్తే, కమాను లోంచి చార్మినారు కనిపిస్తుంది. కమాను దానికి పటం కట్టినట్టు ఉంటుంది. అదే లాడ్ బజారు వైపు నుంచి చూస్తే వేరే చార్మినారు. పొద్దున్నపూట తూర్పు ముఖం వెలుగుతుంది, సాయంత్రం లాడ్ బజారు వైపు ముఖం బంగారంలా మెరుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటే గూళ్ళూ, నగిషీలూ అన్నీ చదునుగా కనిపిస్తాయి. నీడ ఉంటేనే చెక్కడం లోతు తెలుస్తుంది.

చౌమహల్లా ప్యాలెస్‌కి కూడా వెళ్ళండి. 2005 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. దర్బారు హాలు ఎదుట పొడుగాటి నీళ్ళ హౌజు ఉంది. సరిగ్గా నడిమధ్య నుంచుంటే అటు ఎన్ని కమానులో ఇటూ అన్ని కమానులు. దేవుడి ఎదుట నుంచున్నట్టు ఒక గాంభీర్యం. రాజులకి కావలసింది అదే. అక్కడి నుంచి ఓ మూలకి వెళ్ళి చూడండి. రెండు వైపుల గోడలూ కనిపించి కట్టడానికి లోతు వస్తుంది, మనిషి నివసించే ఇల్లులా అనిపిస్తుంది. రెండూ ఒక చోటే, రెండూ నిజమే. ఏది కావాలో తేల్చుకోవడమే ఫోటోగ్రాఫరు పని. లోపల గోడల మీద పాత ఫోటోలు కూడా పెట్టారు. వాటి ముందు తీరిగ్గా నుంచోండి. గబగబా దాటిపోకండి.

ఇదంతా మనకి రాని విద్య కాదు సుమండీ. బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలికి కూర్పు అంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా? పెద్ద బొమ్మలు పైమెట్టు మీద, చిన్నవి కింద. ఒకదానికొకటి అడ్డం రాకూడదు. ఏనుగు పక్కన ఏనుగు పెడితే రెండూ కొట్టుకుంటాయి. విస్తట్లో వడ్డించేటప్పుడు కూడా అంతే కదా. పప్పు చోటు పప్పుది, ఊరగాయ చోటు ఊరగాయది, నడుమ అన్నానికి ఖాళీ. ఆ ఖాళీ లేకపోతే ఎన్ని వంటకాలుంటే ఏం లాభం? ఫోటోలో కూడా ఖాళీకి ఓ పని ఉంటుంది. మనం చేత్తో చేస్తున్నదాన్నే కంటితో గుర్తుపట్టాలి.

అందుకు నేను చెప్పే పద్ధతి తేలికైనది. ఒక్క ఫోటో తీసుకోండి. పత్రికలోదైనా సరే, మీ పెళ్ళి ఆల్బమ్‌లోదైనా సరే. పది నిమిషాలు దానికోసం కేటాయించండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తీసినవారు ఎక్కడ నుంచున్నారు, ఎంత ఎత్తు నుంచి, ఎంత దూరం నుంచి? వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది? చూడగానే మీ కన్ను మొదట ఎక్కడ పడింది, అక్కణ్ణుంచి ఎటు నడిచింది? ఆఖరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది: బొమ్మ అంచుల్లో ఏముంది, అంచుల అవతల ఏది ఉండిపోయింది? జవాబులు రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి, లేదా పక్కనున్నవాళ్ళకి పైకి చెప్పండి. అవతలివాళ్ళకి ఇంకోటి కనిపిస్తుంది. అది వినండి. "బాగుంది" అన్న మాట మాత్రం వాడకూడదని నియమం పెట్టుకోండి.

ఆ నాలుగో ప్రశ్న ఎంత దూరం తీసుకెళుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాము రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్లు వైపు నెక్కొండలో పులివేటకి వెళ్ళాడు. దీన్ దయాళ్ స్టూడియో వారు తీసిన ఆ వేట ఫోటో చాలా ప్రసిద్ధం. చచ్చిన పులి నేలమీద, దాని దగ్గర కర్జన్ దొరా, ఆయన భార్యా. కన్ను ముందు పులి మీద పడుతుంది, తర్వాత దొరగారి మీదికి పోతుంది. కూర్పులో వంక పెట్టడానికి లేదు. ఇప్పుడు అంచుల అవతలికి చూడండి. అలాంటి వేటల్లో అడవిని చుట్టుముట్టి, డప్పులు కొట్టి, కేకలు వేసి, పులిని తుపాకీ ఎదుటికి తోలుకొచ్చేది చుట్టుపక్కల పల్లెల కూలీజనం. పులి ఎటు దూకుతుందో తెలియని చోట ఉత్త చేతులతో నడిచేది వాళ్ళు. ఫోటోలో వాళ్ళకి చోటు లేదు. బొమ్మ అబద్ధం చెప్పలేదు, కానీ కొందర్ని బయట నిలబెట్టింది.

అలా బయట నిలబడ్డవాళ్ళలో మన ఆడవాళ్ళం కూడా ఉన్నాం. దీన్ దయాళ్ గారి హైదరాబాదు ఫోటోల్లో నవాబులు, దర్బారులు, విందులు, సిపాయిలు కొల్లలుగా కనిపిస్తారు. ఆ దేవిడీల్లోనే ఉన్న బేగములు, వాళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు? వాళ్ళది పరదా. పరాయి మగవాడి కెమేరా ముందుకి వచ్చే ప్రసక్తే లేదు. జయపురంలో మహారాజా రామ్‌సింగు తానే కెమేరా పట్టినవాడు కాబట్టి తన జనానాలోని స్త్రీల బొమ్మలు తీయగలిగాడు. అందరి ఇళ్ళల్లో అది ఎలా సాధ్యం?

దానికి దీన్ దయాళ్ గారు 1892లో ఒక మార్గం కనిపెట్టారు. హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. లోపలికి మగవాడి చూపు పడకుండా చుట్టూ ఎత్తయిన గోడలు. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ నిర్వాహకురాలు. పనిచేసేవాళ్ళూ స్త్రీలే. నూట ముప్ఫై ఏళ్ళ కిందట మన ఊళ్ళో ఆడవాళ్ళు ఆడవాళ్ళని ఫోటో తీశారంటే ఎంత ముచ్చటగా ఉంది! పరదా కట్టిన బండి గుమ్మం దాకా వచ్చి ఉంటుంది. లోపలికి అడుగుపెట్టిన ఇల్లాలు మేలిముసుగు తీసి, జీవితంలో మొదటిసారి తన ముఖం మరొకరికి ఎలా కనిపిస్తుందో తెలుసుకోబోతూ కుర్చీలో కూచుని ఉంటుంది. చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఎటు చూడాలి అని అడిగి ఉంటుంది. చెప్పే మనిషి మరో ఆడమనిషి కాబట్టి ధైర్యంగానే అడిగి ఉంటుంది. ఇదంతా నా ఊహే. కానీ స్టూడియో మాత్రం ఊహ కాదు, ఆ గోడలు ఊహ కాదు.

కెమేరా ముందు చోటు దొరకడం ఒక ఎత్తు, కెమేరా వెనక చోటు దొరకడం ఇంకో ఎత్తు. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమై వ్యారవాలా. 1913లో పుట్టారు. బొంబాయిలో జె. జె. ఆర్ట్ స్కూల్లో చదువుకుని కెమేరా పట్టారు. మొదట్లో ఆమె తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. అలా మొదలుపెట్టినావిడే స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఢిల్లీలో మన జాతి చరిత్రను ఫోటోలు తీసి, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆ మరుసటేడే కన్నుమూశారు.

దీన్ దయాళ్ గారు 1905లో పోయారు. కొడుకు జ్ఞాన్‌చంద్ స్టూడియోని నడిపారు. తర్వాత ఆ గాజుపలకలు ఎన్నో చేతుల కాపాడుకోవడంతో నిలిచి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. మొత్తం 2,857 పలకలు. 2006లో ఆయన పేర తపాలా బిళ్ళ కూడా వచ్చింది. గాజు మీది బొమ్మ వందేళ్ళు దాటినా చెక్కుచెదరక నిలిచింది. మనం ఫోనులో దాచుకున్నవి ఫోను పాడైన రోజున ఏమవుతాయో ఆలోచించండి.

ఇక మన ఇళ్ళ సంగతి. పరదాలు లేవు, గోడలు లేవు, ప్రతి చేతిలోనూ కెమేరా ఉంది. అయినా మీ ఇంటి ఆల్బమ్ ముందేసుకుని ఆ నాలుగో ప్రశ్న వెయ్యండి. పండగ ఫోటోలో అందరూ ఉంటారు, అమ్మ ఉండదు. వంటింట్లో ఉంటుంది. లేదా "నేనెందుకురా, మీరు దిగండి" అని పక్కకి తప్పుకుని ఉంటుంది. గ్రూపు ఫోటోలో ఉన్నా వెనక వరసలో, ఎవరి భుజం చాటునో సగం ముఖం. తీరా ఆవిడ పోయాక గోడకి పెట్టడానికి ఒక్క ఫోటో అంటూ దొరకదు. ఏ పెళ్ళి గ్రూపులోంచో ఆ ముఖం కత్తిరించి పెద్దది చేయిస్తారు. అంత చిన్న ముఖాన్ని అంత పెద్దది చేస్తే కళ్ళూ, ముక్కూ అలుక్కుపోతాయి. దండ వేసిన ఆ పటంలో ఉన్నది అమ్మేనని మనం అనుకోవడమే గానీ, మనవలకి ఆ ముఖం ఎప్పటికీ తెలియదు. ఇలాంటి పటాలు మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు.

అందుకని ఈ వారం ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దావిడ ఎవరున్నారో, అమ్మ కానీ అత్తగారు కానీ, ఆవిడని పొద్దున్నపూట కిటికీ పక్కన కూచోబెట్టండి. వెలుగు ఒక పక్క నుంచి ముఖం మీద పడనివ్వండి. వెనకాల తీగమీద బట్టలు, గోడమీద క్యాలెండరు లేకుండా చూసుకోండి. మీరు నుంచుని పైనుంచి తియ్యకండి. ఆవిడ కళ్ళ ఎత్తుకి మీరూ కూచోండి. అప్పుడే మనిషి మనిషితో మాట్లాడినట్టుంటుంది. ఆవిడకి అలవాటైన వస్తువు, తులసిమాలో, పత్రికో, పువ్వుల సజ్జో, చేతికిచ్చి మాటల్లో పెట్టండి. కాసేపటికి కెమేరా సంగతి మరిచిపోతుంది. అప్పుడు నొక్కండి. కాగితం మీద అచ్చు వేయించి, వెనక పేరూ, ఊరూ, తేదీ రాయండి.

తర్వాత ఫోను మీ పిల్లల చేతికిచ్చి, ఎక్కడ నుంచోవాలో, ఏది వదిలెయ్యాలో మీరే చెప్పి, మీ బొమ్మ తీయించుకోండి. జుట్టు దువ్వుకోలేదు, చీర నలిగింది అని సాకులు చెప్పకండి. ఆ ఫోటో రేపు మీ మనవరాలి చేతికి వెళుతుంది. తీరిగ్గా చూసి, మా అమ్మమ్మ ఇక్కడ కూచునేది, వెలుగు ఇటు నుంచి వచ్చేది, ఆవిడ నవ్వితే ఇలా ఉండేది అని ఆ పిల్ల పక్కనున్నవాళ్ళకి చెప్పుకోవాలి.

ఉంటాను మరి. సెలవు.